తిండి మానేసిన ఆక్సొలాటిల్

ఏప్రిల్ వచ్చేసరికి నంద్యాల చుట్టుపక్కల పొలాల్లో కప్ప కనిపించడం అరుదు. కుందూ నది ఒడ్డున, కేసీ కెనాల్ తూముల దగ్గర, తేమ మిగిలినచోట ఒకటీ అరా ఉంటాయంతే. మిగతావన్నీ నేలలోకి దిగిపోతాయి. బోదురుకప్ప గట్టు కింద మెత్తటి మట్టి చూసుకుంటుంది. ఇంకొన్ని జాతులు వెనక కాళ్లతో తవ్వుకుంటూ వెనక్కే దిగుతాయి. కింద తిండీ లేదు, తిరుగుడూ లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే నెలలు గడుస్తాయి. మళ్లీ తొలి పెద్దవాన పడ్డ రాత్రి ఊరు ఊరంతా వినపడేలా బెకబెకలు. దీన్ని గ్రీష్మనిద్ర అంటారు. మన ఉభయచరాలకు ఎండాకాలంలో ఆకలి లేకపోవడం ఒక బతుకు పద్ధతి.

గాజు తొట్టిలో పెంచుకునే ఆక్సొలాటిల్ కూడా ఉభయచరమే. దానికీ ఎండలు ముదిరితే ఆకలి పోతుంది. అయితే దాని చుట్టూ నాలుగు గాజు పలకలు, కింద ఒక గాజు పలక. దిగడానికి నేల లేదు, దిగే అలవాటూ దాని జాతికి లేదు. తరతరాలుగా అది చల్లటి నీటి అడుగున ఉండటమే నేర్చుకుంది.

దాని సొంత ఊరు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న షోచిమిల్కో. పాత సరస్సు ఎండిపోగా అక్కడ మిగిలినవి కాలువలే. మెక్సికో నగరం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ ఎత్తూ దాదాపు అంతే. అక్కడి నీరు ఎండాకాలంలోనూ 20 డిగ్రీలు దాటడం తక్కువ. నంద్యాల ఎత్తు రెండు వందల మీటర్ల చిల్లర. మేలో ఇక్కడ 43, 44 డిగ్రీలు పెద్ద వార్త కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా తూర్పున నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. దాని పడమటి మైదానంలో పగలంతా కాగిన బండా గోడా రాత్రి పది దాటినా వేడి వదలవు. ఊటీలో పుట్టాల్సిన జీవిని మనం ఇక్కడికి తెచ్చుకున్నాం. ఈ అధ్యాయంలో ఇక ముందు చెప్పేది చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

కాబట్టి మీ ఆక్సొలాటిల్ తినడం మానేసిందంటే మందుల కోసం వెతికే ముందు నీళ్లలో థర్మామీటరు పెట్టండి. గోడకు తగిలించేది, తొట్టి అద్దానికి బయట అంటించే స్టిక్కరు సరిపోవు, నీళ్లలో మునిగేదే కావాలి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. 16 నుంచి 18 వరకూ ఉంటే దానికి హాయి. 20 దాటితే ఇబ్బంది మొదలు. 24 దాటి రోజుల తరబడి ఉంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఎందుకింత పట్టింపు? ఆక్సొలాటిల్‌కు సొంత ఒంటివేడి లేదు, నీటి వేడే దాని వేడి. చల్లని రక్తపు జీవుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయనిక పనులు సుమారు రెట్టింపు వేగంతో నడుస్తాయి. ఆ వేగానికి తగ్గట్టు ప్రాణవాయువు కావాలి. నీళ్లు మాత్రం వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును వదిలేస్తాయి. 18 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9.5 మిల్లీగ్రాములు పట్టి ఉంచే నీరు 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే పట్టగలదు. అవసరం రెట్టింపై, సరఫరా అయిదో వంతు తగ్గిందన్నమాట. తిన్నది అరగడానికి కూడా ప్రాణవాయువు ఖర్చవుతుంది. ఊపిరికే చాలనప్పుడు ఒళ్లు ముందుగా ఆపేసేది ఆ పనినే. అలాంటప్పుడు బలవంతంగా తినిపిస్తే కడుపులో తిండి కుళ్లి గ్యాసు పడుతుంది. జీవి తలకిందులుగానో, ఓ పక్కకు ఒరిగో నీటి మీద తేలుతుంది. తిననని మొండికేసిన ఆక్సొలాటిల్ నిజానికి తనను తాను కాపాడుకుంటోంది.

వేడి ఇంకో దారిలోనూ దెబ్బ కొడుతుంది. ఈ జీవి విసర్జించేది అమ్మోనియా. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది విషం. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో, 18 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 3.3 శాతం. అవే నీళ్లు 30 డిగ్రీలకు చేరితే 7.4 శాతం. నిన్న ప్రమాదం లేని తొట్టి ఇవాళ మీరేమీ వేయకుండానే విషపూరితం అవుతుంది. తల వెనక ఈకల్లా అటు మూడు ఇటు మూడు ఉండే మొప్పల్ని అప్పుడు గమనించండి. హాయిగా ఉన్నప్పుడు అవి వెనక్కి వాలి, కుచ్చులు నిండుగా, ఎర్రగా ఉంటాయి. ఇబ్బందిలో ముందుకు వంకర తిరుగుతాయి, కుచ్చులు పలచబడతాయి. తోక కొన కొక్కెంలా చుట్టుకుంటుంది. ఈ రెండూ కనిపిస్తే ఆకలి సంగతి తర్వాత, నీటి సంగతి ముందు.

సరే, చల్లబరచడం ఎలా? ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. తొట్టి మీద చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరై చల్లబడుతుందన్నది నిజమే. ఇంట్లో కూలరు పనిచేసేదీ, కుండలో నీళ్లు చల్లబడేదీ ఆ సూత్రం మీదే. కానీ ఆవిరి వల్ల వచ్చే చల్లదనానికి ఒక అడుగు ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉందనే దాన్ని బట్టి అది మారుతుంది. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉందనుకోండి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అప్పుడు చూపేది సుమారు 24. ఫ్యాను ఎంత బాగా తిరిగినా నీళ్లు అంతకన్నా కిందికి దిగవు. నిజానికి తొట్టి అంతదాకా కూడా రాదు, రెండు మూడు డిగ్రీలు పైనే ఆగుతుంది. నంద్యాల మే నెలలో ఫ్యాను చేయగలిగిన గొప్ప పని అంటే ప్రాణాంతకమైన వేడిని ప్రమాదకరమైన వేడిగా మార్చడం. డిసెంబరు, జనవరిల్లో మాత్రం అదే ఫ్యాను చాలావరకు సరిపోతుంది. చలికాలంలో కొన్నవాళ్లు భలే తింటోందని మురిసిపోయి, మార్చి చివరికి దిగులు పడేది అందుకే.

ఐస్ సీసాల లెక్క కూడా వేసుకుందాం. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి పీలుస్తుంది. కరిగిన నీరు 18 డిగ్రీలకు చేరడానికి ఇంకో 75. రెండూ కలిపి దాదాపు 410. నూరు లీటర్ల నీటిని ఒక డిగ్రీ దించాలంటే కావలసింది 418. అంటే లీటరు సీసాడు ఐసుకు నూరు లీటర్ల తొట్టి దిగేది ఒక్క డిగ్రీ! 32 నుంచి 18కి దించాలంటే పద్నాలుగు సీసాలు కావాలి. అదీ గదిలోంచి మళ్లీ వేడి లోపలికి రాకపోతే. వస్తుంది, రాత్రింబవళ్లూ వస్తూనే ఉంటుంది. పైగా ఒకేసారి అన్ని సీసాలు పడేస్తే ఉష్ణోగ్రత గభాలున పడి, ఆ కుదుపే జీవిని దెబ్బ తీస్తుంది.

అందుకని అత్యవసరానికి తొట్టినంతా చల్లబరిచే ప్రయత్నం మానేయండి. జీవినే చిన్న డబ్బాలోకి మార్చండి. చేపల పెట్టెలుగా వాడే థర్మోకోల్ డబ్బా దీనికి బాగా పనికొస్తుంది. చేపల వాసన పూర్తిగా పోయేలా కడిగింది లేదా కొత్తది కావాలి, సబ్బు తగలకూడదు. పదిహేను లీటర్ల నీటిలో లీటరు ఐసు ఆరు డిగ్రీలకు పైగా దించగలదు, కాబట్టి అర లీటరు సీసా ఒకటి మూత బిగించి వేసి, గంట గంటకూ థర్మామీటరు చూసుకుంటూ మెల్లగా దించుకోవచ్చు. ఆ డబ్బాలో ఫిల్టరు ఉండదు కనుక రోజూ నీళ్లు పూర్తిగా మార్చాలి. కొత్త నీరు పాత నీటి వేడికి దగ్గరగా ఉండాలి. మే మధ్యాహ్నం మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ఎలా ఉంటాయో చేయి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. ఆ నీళ్లు నేరుగా పోస్తే పులుసులో వేసినట్టే. తెల్లవారుజామున పట్టి, నీడలో ఉంచి వాడుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టి 5, 6 డిగ్రీల దగ్గర ఉంచే పద్ధతి ఒకటి పెంపకందార్లలో ఉంది కానీ, 30 డిగ్రీల నీటిలోంచి తీసి నేరుగా అందులో పెట్టడం హత్యే.

శాశ్వత పరిష్కారాలు రెండే. వాటర్ చిల్లర్, లేదా రోజంతా ఏసీ నడిచే గది. రెండూ ఖరీదే. చిల్లర్ తీసేసిన వేడిని గదిలోకే వదులుతుంది కాబట్టి ఇరుకు గదిలో పెడితే దాని పని అదే పెంచుకుంటుంది. ఇక కరెంటు పోతే ఏం చేస్తారన్నది కొనకముందే తేల్చుకోవాలి. నా మట్టుకు నేను, ఈ రెంటిలో ఒకటి లేనిదే నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ ఈ జీవిని పెంచకూడదనే అంటాను. ముద్దుగా నవ్వుతున్నట్టుండే ఆ మూతి చూసి కొనేస్తారు. నోటి ఆకారమే అంత. వేడికి అల్లాడుతున్నప్పుడూ అది నవ్వుతున్నట్టే ఉంటుంది.

నీటి వేడి సరిగ్గా ఉండి కూడా తినకపోతే అప్పుడు నీటి గుణం చూడాలి. ఇక్కడ మన ప్రాంతపు నేల గురించి ఒక మంచి మాట చెప్పవచ్చు. నంద్యాల, కోయిలకుంట్ల, ఔకు ప్రాంతాల కింద ఉన్నవి సున్నపురాతి పొరలు, పలకరాతి పొరలు. భూగర్భ శాస్త్రవేత్తలు వాటికి ఈ ఊళ్ల పేర్లే పెట్టారు. కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ అని. ఆ పొరల్లోంచి వచ్చే బోరునీరు చాలాచోట్ల కఠినజలం. పప్పు ఉడకదని ఇంట్లో విసుక్కుంటారు గానీ ఆక్సొలాటిల్ కొంత కఠినమైన నీటినే ఇష్టపడుతుంది. జీవి మీద ప్రేమతో కొందరు ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తెచ్చి పోస్తారు. అది ఆర్ఓ నీరు, లవణాలు తీసేసిన నీరు. అందులో ఉంచితే జీవి తన ఒంట్లో లవణాలు నిలుపుకోవడానికే తంటాలు పడుతుంది. బోరునీరు మరీ ఉప్పగా ఉంటే దానికి కొంత ఆర్ఓ నీరు కలపవచ్చు, ఒట్టి ఆర్ఓ మాత్రం వద్దు. మున్సిపల్ కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టాలి. అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్‌లో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫోటో స్టూడియోల చీకటిగదుల్లో హైపో అని వాడిన పదార్థమే.

అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్షించే చుక్కల కిట్ ఒకటి కొనుక్కోండి. మొదటి రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. అంతకుముందే జీవిని తెచ్చి వేస్తే తిండి మానేయడంలో వింతేమీ లేదు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా కడిగితే ఆ బ్యాక్టీరియా అంతా కాలువ పాలు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ముంచి పిండాలి.

ఇప్పుడు తిండి. ఆక్సొలాటిల్‌కు వానపామును మించిన ఆహారం లేదు. అయితే ఏ వానపాము? మన వర్మీకంపోస్టు తొట్లలో ఎక్కువగా వాడేవి ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అనే మూడు జాతులు. ఐసీనియా సన్నగా, ఎర్రగా, ఒంటి మీద లేతపసుపు అడ్డచారలతో ఉంటుంది. చేత్తో పట్టుకుంటే పసుపుపచ్చని వాసన ద్రవం వదులుతుంది. ఆ చేదుకి ఆక్సొలాటిల్ నోట్లోకి పీల్చుకున్న పురుగును మరుక్షణమే ఉమ్మేస్తుంది. రెండుసార్లు ఉమ్మింది, మూడోసారి చూడనైనా చూడలేదంటే, దానికి ఆకలి పోయిందని మనం అనుకుంటాం. ఆకలి ఉంది, వడ్డించిందే నచ్చలేదు. యూడ్రిలస్ పెద్దది, ఊదారంగు మెరుపుతో ఉంటుంది, దాన్ని బాగా తింటుంది. వానపాముల కోసం పత్తి, మిరప చేలలోకి మాత్రం వెళ్లకండి. ఆ నేలలో పడిన పురుగుమందుల్లో కొంత వానపాము కడుపులోకీ చేరుతుంది. ఎరువు తయారుచేసే రైతు దగ్గర అడిగి తెచ్చుకుని, కడిగి, పెద్దవైతే ముక్క చేసి పెట్టండి. కోడిమాంసం, మటన్ ముక్కలు పెట్టవద్దు. కాలువలో పట్టిన చిన్న చేపలు పరాన్నజీవుల్ని వెంట తెస్తాయి.

అది తినే తీరు ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. కళ్లు పెద్దగా పనికిరావు. వాసన, నీటి కదలికే దానికి ఆధారం. పట్టకారుతో వానపామును ముక్కు ముందు మెల్లగా ఆడిస్తే ముందు కదలదు. తర్వాత తల అటు ఒక్క పిసరు తిరుగుతుంది. ఆపై నోరు తెరవడం మనకు కనిపించదు, టప్ మన్న కుదుపు, వానపాము సగం లోపల. నోరు ఒక్కసారిగా పెద్దది చేసి, ఆ లాగుడుకు నీటితో పాటు ఎరను పీల్చేస్తుంది. పళ్లు నమలడానికి కాదు, పట్టుకోవడానికి మాత్రమే. మింగుతూ రెండు మూడుసార్లు తల ఎగరేస్తుంది.

ఈ పీల్చుడులోనే ఇంకో ప్రమాదం ఉంది. అడుగున ఉన్నది ఏదైనా ఎరతో పాటు లోపలికి పోతుంది. అందంగా ఉంటాయని పరిచిన గులకరాళ్లు పేగుకు అడ్డం పడితే ఆకలి పోతుంది, మలం రాదు, పొట్ట ఉబ్బుతుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల ముందు రాతి పెచ్చులు కావలసినన్ని ఉంటాయి. తొట్టిలో వేయడానికి అవి అన్నిటికన్నా చెడ్డవి, అంచులు కోసుకుపోయేలా ఉంటాయి. అడుగు ఖాళీగా ఉంచడమో, పాలిష్ చేయని నునుపైన బేతంచెర్ల బండ ఒకటి పరచడమో మేలు. సున్నపురాయే కాబట్టి మన కఠినజలానికి దానివల్ల పెద్ద మార్పు రాదు. రాయి మింగిందని అనుమానముంటే తిండి ఆపి, నీరు చల్లగా ఉంచి వేచి చూడాలి. చాలాసార్లు అదే కక్కేస్తుంది, లేదా కిందికి పోతుంది.

అరుదుగా ఇంకో కారణం ఉంటుంది. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు 34 ఆక్సొలాటిళ్లు వెళ్లాయి. వాటిలో కొన్నింటిని అందుకున్న జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ ద్యుమెరిల్ పెంచిన సంతానంలో, మరుసటి ఏడాది కొన్ని, మొప్పలు కరిగిపోయి, తోక రెక్క తగ్గి, నేల మీద నడిచే సాలమాండర్లుగా మారిపోయాయి. అప్పటిదాకా అది పెద్దయినా పిల్లరూపంలోనే ఉండిపోయే జీవి అన్న సంగతి ఐరోపాలో తేలలేదు. 1913లో లౌఫ్‌బెర్గర్ అనే శాస్త్రవేత్త థైరాయిడ్ గ్రంథి తినిపించి ఇదే మార్పును కావాలని రప్పించాడు. మొప్పలు రోజురోజుకూ చిన్నవవుతూ, కళ్లు ఉబ్బుతూ, తిండి మానేస్తే ఈ మార్పు జరుగుతోందేమో చూడాలి. సరదా కోసం నీళ్లలో అయోడిన్ చుక్కలు వేసేవాళ్లున్నారు, ఎక్కువసార్లు మిగిలేది చచ్చిన జీవి.

మందుల మాటకొస్తే, చేపల షాపులో ‘ఇది రెండు చుక్కలు వేయండి సార్, సాయంత్రానికి తింటది’ అని ఇచ్చే సీసా పోయకండి. చేపకు పొలుసులున్నాయి, దీనికి ఒట్టి చర్మం, నీళ్లలో ఏమున్నా లోపలికి పోతుంది. మలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులు దీనికి విషం. మొప్పల మీద దూదిలాంటి బూజు కనిపిస్తే పశువైద్యుణ్ని అడగాలి. ఎండిన బాదం ఆకు, అదే మన వీధుల్లో నీడకు పెంచే బాదం చెట్టుది, ఒకటి కడిగి నీళ్లలో వేస్తే అది వదిలే టానిన్లు చర్మానికి కాస్త ఉపశమనం ఇస్తాయి. అంతకుమించి దానితో అద్భుతాలేమీ జరగవు. పశువైద్య కళాశాల ఆళ్లగడ్డకు దక్షిణాన ప్రొద్దుటూరులో ఉంది. వెళ్లేటప్పుడు నీటి పరీక్షల అంకెలు, వారం రోజుల ఉష్ణోగ్రతలు రాసుకుని వెళ్తే, ఈ జీవిని ఎన్నడూ చూడని వైద్యుడికైనా పని సులువవుతుంది.

ఎంతకాలం ఆగవచ్చు? ఒళ్లు బాగున్న పెద్ద ఆక్సొలాటిల్ చల్లటి, శుభ్రమైన నీటిలో రెండు వారాలు తినకపోయినా కంగారు లేదు. మామూలు రోజుల్లోనే దానికి రెండు మూడు రోజులకోసారి తిండి చాలు. పిల్లలకు మాత్రం రోజూ కావాలి, అవి నాలుగు రోజులు మానేస్తే ఆలోచించాలి. పైనుంచి చూసినప్పుడు పొట్ట వెడల్పు తల వెడల్పుకు సమానంగా ఉందంటే నిల్వ ఉన్నట్టే. వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నెతో సహా వారానికోసారి తూచి రాసుకుంటే కంటికన్నా ముందు అంకె చెబుతుంది.

ఇంకొకటి చట్టం సంగతి. ఆక్సొలాటిల్ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో అలాంటి జాతులు నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. వాటిని పెంచేవాళ్లు 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. షోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కు పడిపోయాయి. పెంపుడు తొట్లలో లక్షలుండి సొంతింట్లో కనుమరుగవుతున్న జీవి ఇది. పెంచలేకపోతున్నాం కదాని మహానంది కోనేట్లోనో కుందూలోనో వదిలేయడం తప్పే కాదు, దాన్ని చంపడం కూడా. పెంచగలిగినవాళ్లకు కాగితాలతో సహా అప్పగించాలి.

ఆకలి తిరిగి వచ్చినప్పుడు తొందరపడకండి. నీరు మూడు నాలుగు రోజులు వరుసగా 18 దగ్గర నిలిచాక, దీపాలార్పి, అంగుళం మించని వానపాము ముక్క ఒక్కటి పెట్టండి. తినకపోతే పావుగంటలో తీసేయండి, కుళ్లితే మళ్లీ అమ్మోనియా. తింటే రెండో ముక్క వెంటనే ఇవ్వకుండా, మలం వచ్చేదాకా ఆగండి. చల్లటి నీటిలో దానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. మలం వచ్చి, పొట్ట ఉబ్బకుండా ఉంటే ఈసారి రెండు ముక్కలు, ఆ తర్వాత పూర్తి వానపాము.